చెప్పులు విప్పాక పనిచేస్తుందా?

స్ట్రోక్ వచ్చినా, యాక్సిడెంట్‌లో తలకి దెబ్బ తగిలినా కొందరికి ఒకవైపు కాలు మాట వినదు. అడుగు వేసేటప్పుడు పాదం ముందుభాగం వాలిపోయి నేలకి రాసుకుంటుంది. దీన్నే ఫుట్ డ్రాప్ అంటారు. గడప తగిలి పడిపోయేది అందుకే.

ఇక్కడ మన సబ్జెక్టు పనికొస్తుంది. దెబ్బ మెదడుకి కాబట్టి, వెన్నుపాము నుంచి కాలి కండరానికి వెళ్లే నరం చాలామందిలో బాగానే ఉంటుంది. మోకాలి కింద బయటివైపు ఎలక్ట్రోడ్లు అంటించి ఆ నరానికి చిన్న చిన్న కరెంట్ పల్సులు ఇస్తే పాదం పైకి లేస్తుంది. 1961లోనే లిబర్సన్ బృందం అమెరికాలో దీన్ని చేసి చూపించింది. షూలో మడమ కింద ఒక స్విచ్. మడమ లేస్తే ఆన్, ఆనితే ఆఫ్. అంతే లాజిక్!

అందుకే ఇది ప్రాజెక్టుగా మనకి నచ్చుతుంది. కానీ సర్క్యూట్ పనిచేయగానే పని అయిపోయిందనుకుంటే ఎలా?

మనం చెప్పులు గుమ్మం బయటే విప్పేస్తాం కదా. వంటింట్లోకైనా, రాత్రిపూట బాత్రూమ్‌కైనా వట్టికాళ్లతోనే వెళ్తాం. గడపలు, తడి నేల ఉండేది అక్కడే. అంటే సాయం ఎక్కువగా కావాల్సిన చోట ఆ స్విచ్ గుమ్మం బయటే ఉండిపోతుంది. కాలికి కట్టే పట్టీలోనే టిల్ట్ సెన్సర్ పెట్టి, కాలి వంపుని బట్టి పల్సులిచ్చే పరికరాలు ఇప్పటికే ఉన్నాయి. మనం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి. ఇంకో ప్రశ్న: ఒక చెయ్యి కూడా పనిచేయని మనిషి ఆ పట్టీ తనంతట తాను కట్టుకోగలడా?

"ప్లాస్టిక్ స్ప్లింట్ చాలదా?" అనేవాళ్ల మాటలో నిజం ఉంది. స్ట్రోక్ పేషెంట్ల మీద జరిగిన పెద్ద ట్రయల్స్‌లో రెండింటితోనూ నడక వేగం దాదాపు ఒకేలా మెరుగైంది. అయితే మామూలు స్ప్లింట్ కూడా షూ ఉంటేనే సరిగ్గా కుదురుతుంది. కాబట్టి కరెంట్ నిజంగా ఉపయోగం చూపించాల్సింది వట్టికాలి నడకలోనే.

ఈ టాపిక్ తీసుకునేవాళ్లు బ్రెడ్‌బోర్డ్ కంటే ముందు ఒక ఫిజియోథెరపిస్టుని కలవండి. పేషెంట్లు ఇంట్లో ఎలా నడుస్తారో అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఎవరి మీదా పరీక్షించొద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఇది ప్రమాదం కావచ్చు. డెమోలో పాదం లేస్తే మార్కులు వస్తాయి, సరే. కానీ ఆ మనిషి పడకుండా గడప దాటితేనే అది మంచి ప్రాజెక్టు అంటాను.