ముసలి పిల్లికీ ఒక బండ

సంరక్షణ కేంద్రంలో చనిపోయిన ముసలి పిల్లిని పేరు పెట్టి తలచుకోవాలి. పెంచుకుంటామని వచ్చేవాళ్లు పిల్లికూనలనే ఎత్తుకుపోతారు. పన్నెండేళ్లు దాటి, పళ్లు ఊడి, ఒక కన్ను పోయినదాన్ని అడిగేవాళ్లు అరుదు. కాబట్టి దానికి ఆ కేంద్రమే ఇల్లు, అక్కడ పనిచేసేవాళ్లే కుటుంబం. 1992లో అక్కినేని అమల హైదరాబాద్‌లో బ్లూక్రాస్ మొదలుపెట్టాక, దిక్కులేని జీవాల్ని చేరదీయడం సేవేనని మనలో చాలామంది గుర్తించారు. కానీ ముసలిదాన్ని చివరిదాకా చూసుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు తక్కువ. వయసు మళ్లిన పిల్లులకు తరచుగా వచ్చేది కిడ్నీ జబ్బు. పిల్లి బాధను బయటపడనివ్వదు. నీళ్లు ఎక్కువ తాగడం, చిక్కిపోవడం, ఒళ్లు నాక్కోవడం మానేయడం, ఇవన్నీ రోజూ చూసే మనిషికే ఆనతాయి. ఆ మనిషే చర్మం కింద సెలైన్ ఎక్కిస్తుంది, ముద్ద మెత్తగా చేసి తినిపిస్తుంది, ఒకరోజు గొయ్యి తవ్విస్తుంది. ఆమె దుఃఖాన్ని ‘పిల్లే కదా’ అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంట్లో పిల్లి చనిపోతే ప్రాచీన ఈజిప్టువాళ్లు కనుబొమలు గొరిగించుకునేవారని హెరొడోటస్ రాశాడు. మనకు అంత అక్కర్లేదు, గుర్తుగా ఒక రాయి ఉంటే సరి. వికారాబాద్ జిల్లాలో రాయికి కొదవా? అక్కడి తాండూరు నాపరాయి ఎన్నో ఇళ్లలో నేలగా పరుచుకుంది. అందులో ఒక చిన్న ముక్క మీద పేరు, వచ్చిన ఏడు, పోయిన ఏడు చెక్కిస్తే చాలు. పక్కనే రిజిస్టర్‌లో జబ్బు, చేసిన వైద్యం, ఎన్నాళ్లు నిలిచిందీ రాసి ఉంచాలి. రేపు చేరే ఇంకో ముసలిదానికి మందు రాసే డాక్టరుకు ఆ పేజీ కావాలి.