నెట్టు కూలితే హమాలీ తప్పా?

బుచ్చిరెడ్డిపాలెంలో ఏ గోదాములోనైనా బస్తాలు మీదపడి హమాలీ నడుము విరిగిందంటే, టీ కొట్టు దగ్గర మొదట వినిపించే మాట ఒకటే: "చూసుకోవద్దా?" గుమస్తా అదే అంటాడు, మిల్లు యజమాని అదే అంటాడు, ఒక్కోసారి పడ్డవాడి అన్నదమ్ములూ అదే అంటారు. "రాత్రి తాగుంటాడులే" అన్నది వెనకే వస్తుంది. ఈ మాట నాకు ఒళ్ళు మండిస్తుంది.

బస్తాలు పేర్చిన నెట్టు ఎందుకు కూలుతుందో చూడండి. గోనె సంచి గరుకు, సంచిని సంచి పట్టుకుంటుంది. ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ సంచులు నున్నన, జారతాయి. సంచి మారినా నెట్టు ఎత్తు తగ్గించినవాళ్ళు తక్కువ. ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డం వేసి బిగించాల్సిన చోట తొందరలో అన్నీ ఒకేవైపు పడతాయి. కూలి బస్తాకింత అయినప్పుడు తొందర రాక ఏమొస్తుంది? అడుగు వరుసలో ఒక్క సంచి చిరిగి గింజ కారిందా, పైనున్నవన్నీ ఒరుగుతాయి. యాభై కిలోలు మెడమీద మోస్తున్న మనిషి తలెత్తి పైకి చూడలేడు. వాడు ఎక్కే బల్ల జానెడు వెడల్పు, దానిమీద తవుడు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే పదిహేడు బస్తాలు, పదిహేడుసార్లు ఆ బల్ల ఎక్కి దిగడం.

"ముఠాగా వచ్చే హమాలీలు మా మనుషులు కారు" అన్నది యజమానుల రెండో సాకు. ముఠా, జట్టు, హమాలీల పేరు పెట్టి మరీ ఈ రాష్ట్రం 1976లో చట్టం చేసింది. 1923 నాటి పరిహార చట్టమైతే, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరు చేత చేయించుకున్నా యజమానే పరిహారం కట్టాలంది. మామూలు అజాగ్రత్త పరిహారం ఎగ్గొట్టడానికి కారణమే కాదు. ఇక మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా, తాగి ఉన్నాడన్న వాదన కూడా చెల్లదు. టీ కొట్టు తీర్పును నమ్మి ఎన్ని కుటుంబాలు అడగకుండానే ఊరుకున్నాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్లాస్టిక్ సంచుల నెట్టుకు ఎత్తు హద్దు గోడమీద గీత గీసి పెట్టండి. బల్లను రెండడుగుల వెడల్పు చేసి అడ్డపట్టీలు కొట్టించండి. మిల్లులో ఎలివేటరు బెల్టుకు, పుల్లీకి జాలీ బిగించండి. లోడుకు లోడుకు మధ్య తవుడు ఊడ్చేందుకు ఒక మనిషిని పెట్టి, ఆ కూలి ముఠా బస్తాల లెక్కలోంచి కోయకుండా విడిగా ఇవ్వండి.