నలుగుపిండీ, వసకొమ్మూ

వాగుడుకాయ పిల్లను 'వసపిట్ట' అంటాము. పసిబిడ్డకు మాటలు త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం మన ఇళ్ళలో ఎంత పాత అలవాటో ఆ ఒక్క మాటే సాక్ష్యం చెబుతుంది. 'ఉగ్గుపాలతో నేర్చిన విద్య' అన్నా, 'ఆముదం తాగిన మొహం' అన్నా అంతే. నూనే, నలుగూ, మూలికా మన భాషలో ఇంతగా ఇంకిపోయినవి కనుకనే కాబోలు, వాటిని గురించి ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే, అమ్మమ్మను నిలదీసినట్లు మనకు కోపం వస్తుంది.

నేను అమ్మమ్మ పక్షమే. కాని ఆమె వెంట సగం దూరమే నడుస్తాను. ఒంటిమీది చర్మం ఇంటికి గోడవంటిది. కన్ను, ముక్కు, చెవి, నోరు గుమ్మాలు. గోడకు మన పెద్దలు పూసినవి చాలావరకు మంచివే. గుమ్మంలోంచి లోపలికి పంపినవి ఉన్నవి చూశారూ, పేచీ వాటితోనే. ముఖ్యంగా ఏడాది నిండని పిల్లల విషయంలో.

ముందు గోడ సంగతి చూద్దాము. సోలెడు పెసలు, అరసోలెడు శనగలు, గుప్పెడు బియ్యం, నాలుగు కచ్చూరాలు, నీడన ఎండిన రెండు కమలా తొక్కలు, ఒక చిన్న పసుపుకొమ్ము. అన్నీ కలిపి మెత్తగా విసిరి, పల్చని బట్టలో జల్లిస్తే నలుగుపిండి సిద్ధం. జల్లించడంలో బద్ధకం పనికిరాదు. బరకగా ఉంటే లేత చర్మం గీరుకుపోతుంది. సబ్బు క్షారం, మన చర్మానికి సహజంగా ఉండేది కొద్దిపాటి ఆమ్లగుణం. పెసరపిండికి సబ్బుకున్న క్షారగుణం లేదు. నూనెను పీల్చుకొని వదలిపోతుంది. చలికాలంలో చర్మం పగిలేవారికి ఇది సబ్బుకంటె ఎంతో నయం.

ఐతే కొన్ని ఇళ్ళలో ఈ పిండిలో బావంచాలు కూడ వేస్తారు. వద్దు. బావంచాలలో సొరాలెన్ అనే పదార్థం ఉన్నది. అది చర్మానికి అంటుకొన్న తరువాత ఎండ తగిలితే చర్మం కందిపోయి బొబ్బలెక్కవచ్చును. బొల్లి మచ్చలకు వైద్యులు దానిని వాడేది సరిగ్గా ఆ గుణం కోసమే, అదీ కొలత పెట్టి. నలుగు పెట్టి బిడ్డను ఎండలో పడుకోబెట్టే మన ఇళ్ళలో అది ఎంత చేటో చెప్పనక్కరలేదు.

పసుపు గొప్ప అందరికీ తెలిసినదే. గాయాలకు పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు! మన శాస్త్రీయ పరిశోధనా మండలివారు పాత గ్రంథాలు తీసి, ఇది మా వంటింటి విద్య అని చూపించగా 1997లో దానిని రద్దు చేశారు. పేటెంటు పోయినది, సంతోషమే. కాని పసుపుకు రంగు ఎక్కించడానికి సీసం కలిసిన పచ్చరంగు వాడే వ్యాపారులు ఉన్నారు. బంగ్లాదేశ్‌లో ఈ మోసాన్ని పరిశోధకులు 2019లో బయటపెట్టారు. కొమ్ములకే మెరుగుగా పూస్తారట. కనుక మరీ నిగనిగలాడే కొమ్ములు చూసి మురిసిపోకండి.

ఆముదం దగ్గర మన వారి తెలివి చూడండి. ఆముదపు గింజలో భయంకరమైన విషం ఉన్నది. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో మరగబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసుకొనేవారు. అదే వంటాముదం. ఆ విషం నూనెలో కరగదు. పైగా వేడికి నశిస్తుంది. రసాయన శాస్త్రం చదవనివారు ఆ పద్ధతికి ఎలా చేరుకొన్నారో తలచుకొంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంత తెలివీ గుమ్మం దగ్గర తడబడినది. నీళ్ళు పోసేటప్పుడు బిడ్డ ముక్కులో నూనె చుక్క వేయడం చూడండి. నీళ్ళు పొలమారితే దగ్గు వచ్చి బయటికి తోసేస్తుంది. నూనెకు ఆ దగ్గు సరిగా రాదు. చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తులలోకి దిగి, అక్కడే నిలిచి న్యుమోనియా తెస్తుంది. ఆ తరువాత సాంబ్రాణి. తలుపులు మూసి, నిప్పుల మీద పొగవేసి, దాని మీద గంపబోర్లించి బిడ్డను పడుకోబెడతారు. ఆ పొగా, బొగ్గుల నుంచి వచ్చే విషవాయువూ పసి ఊపిరికి పనికిరావు. వెచ్చని పొడిబట్టతో తల తుడిస్తే చాలును.

తేనె మాట ఇంకా గట్టిగా చెప్పాలి. పుట్టగానే ముర్రుపాలు పిండి పారబోసి నాలుకకు తేనె రాయడం కొందరి ఆచారం. తేనెలో ఒకజాతి సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చును. తేనెను కాచినా అవి చావవు. పెద్దవారిని ఏమీ చేయవు. ఏడాదిలోపు బిడ్డ పేగులలో మాత్రం మొలకెత్తి విషం పుట్టిస్తవి. విరేచనం బిగుస్తుంది, ఏడుపు నీరసిస్తుంది, చనుబాలు పీల్చే శక్తి పోతుంది. పసిపిల్లలలో ఈ జబ్బును వైద్యులు మొదటిసారి గుర్తించినదే 1976లో. అమ్మమ్మకు తెలియలేదంటే అది ఆమె తప్పు కాదు. మనకు తెలిసి కూడ రాస్తే?

ఇక వసకొమ్ము. వసలోని ఒక పదార్థం ఎలుకలలో కాన్సరు కలిగించినదని తేలిన మీదట 1968లో అమెరికాలో దానిని ఆహారంలో కలపరాదని నిషేధించారు. మనం నాలుకకు రాసేది రవ్వంతే గదా అనవచ్చును. ఆ రవ్వకే వాంతులు చేసుకొనే పిల్లలూ ఉన్నారు. నా అసలు భయం మరొకటి. 'వస రాశాము, వచ్చేస్తాయిలే మాటలు' అంటూ ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తూ కూర్చుంటారు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనలేని పిల్లకు ముందుగా చేయించవలసినది చెవి పరీక్ష. వినపడని పిల్లకు మాటలు ఎక్కడి నుంచి వస్తవి? ఆ ఎదురుచూపులో పోయిన నెలలు మళ్ళీ రావు.

కాటుక మానమంటే ఇంట్లో రభస తప్పదు. దీపపు మసి నేతిలో కలిపి వేలితో కంటికి దిద్దితే, గోటిలోని మురికి కూడ కంటిలోకే పోతుంది. అంగట్లో దొరికే సుర్మాలు కొన్నిటిలో సీసమే ఉంటుంది. కాని అత్తగారితో తగవెందుకు? దిష్టి తగలకూడదనేది ఆవిడ కోరిక. ఇంట్లో పట్టిన కాటుకతోనే అరికాలున ఒక చుక్క, చెంపన ఒక చుక్క ఆవిడ చేతనే పెట్టించండి. అవి గోడమీదివి. పసివాడు చేయి నోట్లో పెట్టుకొంటాడు కనుక అరచేతిలో మాత్రం వద్దు.

తలంటు పోసేటప్పుడు కుంకుడు రసం కంటిలో పడితే నోట్లో ఉప్పుకల్లు పెట్టి ఊరుకోబెట్టడం మీకు తెలిసే ఉంటుంది. ఉప్పు నోటి ఏడుపు మాన్పుతుందేమో గాని కంటి మంట మాన్పదు. పారే చల్లని నీళ్ళతో కంటిని బాగా కడగండి, నలపనివ్వకండి. అరగంటకూ ఎర్రదనం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఆ రసం కూడ ఏ పూటకు ఆ పూట తీసుకోవాలి. మర్నాటికి పులిసి వాసన వేస్తుంది. మిగిలిపోతే పారబోయకండి, పట్టుచీరలు ఉతుక్కోవడానికి అంతకంటె మంచిది లేదు.