కిస్తీ కట్టేది బండి కాదు, లోడు

2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతంకెల్లి 18 శాతానికి దిగింది. గప్పటిసంది ఊర్లల్ల ఒక్కటే ముచ్చట. బొలెరో పికప్ తీస్కోవాలెనా, టాటా ఏస్ చాలా, మధ్యల అశోక్ లేలాండ్ దోస్త్ ఉండనే ఉండె. షోరూమోల్లేమో "80 వేలు తగ్గింది తమ్మీ, ఇగ ఆలోచన ఏంది" అంటున్నరు.

లెక్క అబద్ధం కాదు. పన్ను లేకుండ 8 లక్షలున్న బండి మునుపు 10 లక్షల 24 వేలు పడేది, ఇప్పుడు 9 లక్షల 44 వేలు. జీఎస్టీ నంబర్ లేకుండ సొంతంగ నడుపుకునే పోరగాల్లకు కట్టిన పన్ను వాపసొచ్చే తొవ్వ లేదు కాబట్టి గీ తగ్గుడు నికరంగ జేబుల పడ్డట్టే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద సుత పన్ను 12 నుంచి 5కు దింపిండ్రు. మంచిదే. గానీ డీజిల్ జీఎస్టీలనే లేదు. 2025ల హైదరాబాద్ల లీటరు 95 రూపాయల మీదనే నడిచింది. కిరాయి అయితే షోరూమోడు పెంచడు.

8 లక్షలు అప్పు తీస్కొని 12 శాతం వడ్డీకి అయిదేండ్లు పెట్టుకుంటే నెలకు కిస్తీ 17,800 దాక అయితది. నెలల 25 రోజులు బండి తిరిగితే, పొద్దుగాల తాళం తిప్పంగనే 712 రూపాయల బాకీతోని రోజు షురువైతది. డీజిల్, టైర్లు, డ్రైవర్ బత్తా దీని మీదికెల్లి. 80 వేలు తక్కువ అప్పు జేస్తే కిస్తీల తగ్గేది 1,780. ఒక్క ఖాళీ ట్రిప్పు రెండు మూడు పార్లు పోతే గది సుత మాయం.

అమెరికల మనోల్లు పెట్టే రీల్స్ మీరు చూస్తనే ఉంటరు. ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో, ర్యామ్. వెనుక పెద్ద ట్రైలర్ కట్టి పడవల్ని, గుర్రాల్ని గుంజుకపోతయ్. ఏది ఎక్కువ గుంజుతదని ఆడ కొట్లాట. మన దగ్గర గుంజుడు పని ట్రాక్టర్ది. దాని మీద సుత జీఎస్టీ 12 నుంచి 5కు తగ్గింది. పొలంల పని, ఊరి చుట్టు ఇసుక, ఇటుక, పెంట ట్రిప్పులే మీ బేరమైతే పికప్ జోలికే పోవద్దు, ట్రాక్టర్ ట్రాలీ చాలు. పికప్ది గుంజుడు కాదు, మోసుడు. పట్నం మార్కెట్‌కు తెల్లారేసరికి చేరుడు.

ఇగ ఆ మూడింట్ల ఏది? 2005ల టాటా ఏస్ వచ్చినప్పుడు రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజన్‌తోని గల్లీలల్ల తిరిగేటందుకే వచ్చింది. ముప్పావు టన్ను దాక దాని పని. టెంట్ హౌజ్ సామాను, నీళ్ల క్యాన్లు, కిరాణా సరుకు గివి దానికి సరిపోతయ్. ఏస్ ప్రో 2025 జూన్ల వచ్చినప్పుడు 3.99 లక్షలకాన్నుంచి మొదలైంది, గది అప్పటి షోరూం ధర. కిస్తీ భారం తక్కువ. దోస్త్ 2011ల వచ్చింది, మూడు సిలిండర్లు, టన్నుంబావు లెక్క. బొలెరో పికప్ నాలుగు సిలిండర్లది, 1.3 టన్నులు, 1.7 టన్నులు అని రకాలున్నయ్. టమాట, సిమెంటు, సలాక అయితే బొలెరోనే నయం అని నేనంట. పత్తి మాత్రం వేరు. విడి పత్తి బరువుకు ముందే తొట్టి నిండుతది, అండ్ల టన్నులు చూసి లాభం లేదు, తొట్టి పొడుగు చూడాలె.

ఇంతకీ ఏ బండి ఎంత మోస్తదో యూట్యూబ్‌ల కాదు, ఆర్సీల చూడున్రి. లాడెన్ వెయిట్‌లకెల్లి అన్‌లాడెన్ వెయిట్ తీసెయ్యున్రి. మిగిలిందే మీ హక్కు. డ్రైవర్, క్లీనర్ అండ్లనే. మీరు అదనంగ కొట్టిచ్చిన ఇనుప జాలీ సుత అండ్లనే.

అసలు లొల్లి ఈడనే ఉన్నది. ట్రేతోని కలిపి 25 కిలోలనుకుంటే 1,300 కిలోలకు 52 ట్రేల టమాట. గానీ చేను కాడ రైతు, మార్కెట్ల కమీషన్ దుకాణపోడు ట్రిప్పుకింత అని మాట్లాడి 70 ట్రేలు ఎత్తుతరు. నువ్వు కాదంటే ఎనుకాల ఇంకో పోరడు నిలబడి ఉంటడు. అంటే 450 కిలోలు ఫిరీగ మోస్తున్నవ్. దాని ఖర్చు కమాన్ పట్టీలది, బ్రేకులది, టైర్లది, అన్నీ నీయే. పట్టుబడితే 2019ల సవరించిన చట్టం 194 సెక్షన్ల 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు. మాల్ పంపినోనికి రశీదు రాదు, బండోనికొస్తది. కిరాయిలు తక్కువుండుడు వెనుక గీ ఓవర్‌లోడే ఉన్నదని నా లెక్క. వ్యాపారికి మిగిలే పైసలు మన పోరగాల్ల కిస్తీలకెల్లి పోతున్నయ్. బండ్లోల్లంత కూసొని ట్రేకు ఇంత అని రేటు కట్టుకోకుంటే పెద్ద బండి కొన్నా గంతే.

ఇంకోటి, మాల్ లేని రోజు కూలీలను, పెండ్లోల్లను ఎక్కిచ్చుడు. 2022 మే 8న కామారెడ్డి జిల్లా నిజాంసాగర్ మండలంల మనుషులతోని పోతున్న ట్రాలీ ఆటో, లారీ గుద్దుకొని తొమ్మిది మంది పాయిరి. సరుకు బండిల ఊకె ఎక్కినోల్లకు ఇన్సూరెన్స్ కంపెనీ పైసలియ్యాల్సిన పని లేదని ఆశా రాణి కేసుల సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. మాల్‌తోని దాని ఓనరు కూసుంటే వేరే ముచ్చట. లేకుంటే నష్టం బండి ఓనరు నెత్తినే, ఉన్న ఎకరం పోయేదాక పోతది.

లైసెన్స్ భయం మాత్రం అక్కర్లేదు. 7,500 కిలోల లోపు బరువున్న సరుకు బండి మామూలు ఎల్ఎంవీ లైసెన్స్‌తోని నడపొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి చెప్పింది. మనం మాట్లాడుకునే పికప్పులన్నీ దాని లోపలివే.

సర్కారు పథకాలు సుత ఒకపారి చూడాలె. 2021ల దళితబంధు 10 లక్షలిస్తే చాలామంది బండ్లే తీస్కున్నరు. రాజీవ్ యువ వికాసంల 4 లక్షల దాక యూనిట్లకు 2025ల దరఖాస్తులు పిలిచిండ్రు. అండ్ల సబ్సిడీ ఎంతనేది చెప్తరు, మీ మండలంల ఇప్పటికే ఎన్ని ట్రాలీలు అడ్డా మీద ఖాళీగ ఉన్నయో ఎవ్వలు చెప్పరు. గది మీరే లెక్క పెట్టుకోవాలె. పొద్దుగాల ఏడింటికి అడ్డా కాడికి పోతే గంటల తెలుస్తది.

షోరూంకు పోయేకంటె ముందు ఫైనాన్సోల్లు గుంజుకొచ్చి పెట్టిన బండ్ల యార్డ్ ఒకటి తిరిగి రాన్రి. మీటర్ ఎంత తిరిగిందో చూడున్రి. కమాన్ పట్టీలు వంగినయా, తొట్టి అడుగు సొట్టపోయిందా చూడున్రి. మీటర్ తిరగకుండనే వచ్చి పడ్డ బండ్లు ఏ కంపెనీవైనా, వాటి ఓనర్లకు దొరకంది మాత్రం లోడే.