బౌండరీ గీత యొద్ద నిలుచువాడు

ఈ వేసవిలో ఆళ్లగడ్డలో జరిగిన యొక క్రికెట్టు పోటీల బహుమతి ప్రదానసభలో, వేదిక నలంకరించిన పెద్దమనిషి యొకరు, బౌండరీ గీత యొద్ద వెనుకకు వాలి క్యాచి పట్టిన మీసమైన రాని కుఱ్ఱవానిని దగ్గరకు పిలిచి, భుజము తట్టి, "ఉరికేటోనికి ఏమొస్తాది నాయనా, బ్యాటు పట్టుకో, బాగుపడతావు" అని హితోపదేశము చేసినారు. సభ చప్పట్లు కొట్టినది. కుఱ్ఱవాడు తల యూపినాడు. ఆ పూట ఆ జట్టు గెలిచినది ఆ క్యాచి వలననే యని అక్కడ నున్నవారందరికిని తెలియును. అయినను కప్పు మాత్రము నలువది పరుగులు చేసి, రెండు తేలిక క్యాచులు నేలపాలు చేసిన బ్యాటుగానికే పోయినది. నాకు ఒళ్లు మండినది. ఇప్పటికిని చల్లారలేదు.

ఆ పెద్దమనిషి నొక్కనినే యని ప్రయోజనము లేదు. నంద్యాల మొదలుకొని ఆళ్లగడ్డ వఱకు, ఆ మాటకు వచ్చిన తెలుగుదేశమంతటను, ఫీల్డింగు అనునది బ్యాటు పట్టుట చేతగానివానికిని, బంతి వేయుట రానివానికిని ప్రాప్తించిన శిక్ష యను నమ్మకము పాతుకొని యున్నది. శిక్షణకేంద్రములకు పోయి చూడుడు. వేలకు వేలు పోసి కొన్న బ్యాటుతో సహా పిల్లవానిని తండ్రి మోటారుసైకిలు మీద తెచ్చి దింపిపోవును. నెట్సులో వాని వంతు వచ్చువఱకు వానిని వెలుపల నిలిపి, తక్కినవారు కొట్టిన బంతులను ఏరి తెమ్మందురు. ఆ ఏరుటకే అక్కడ ఫీల్డింగని పేరు. ఇట్లు పెరిగిన పిల్లవాడు మైదానములో బంతి తనవైపు వచ్చినప్పుడు దానిని అప్పులవానిని చూచినట్లు చూచుటలో వింత యేమున్నది?

మన మైదానముల సంగతి వేరుగ చెప్పవలెను. నంద్యాల ప్రాంతపు నల్లరేగడి వానకు జిగురై చెప్పును లాగుకొనును. ఎండకు నెఱ్ఱెలు విచ్చి రాయి యగును. చైత్ర వైశాఖములలో ఆ నేలమీద దొర్లివచ్చు బంతి, తిన్నగా వచ్చుచున్నదని అరచేతులు ఆనించి కూర్చున్న క్షణమున, నెఱ్ఱె యంచును తాకి దవడమీదికి లేచును. మోచేతి తోలు ఎండుమట్టితో కలిసి అట్టగట్టి, రాత్రి నీళ్లు పోసికొనునప్పుడు గాని అది గాయమని తెలియదు. అట్టి నేలమీద ముప్పది గజములు పరుగెత్తి, ఒంటిచేత బంతిని తీసి, పూర్తిగ లేచి నిలువకముందే వికెట్టులమీదికి విసరువానిని చూచి "ఉరికేటోడు" అనుటకు నోరెట్లు వచ్చునో నాకు బోధపడదు. వేదికమీది కుర్చీలో కూర్చున్నవారికి షామియానా నీడ యుండును గదా, వచ్చును.

అయితే అసలు దోషి మనిషి కాదు, స్కోరు పుస్తకము. ఒక్కసారి ఆ పుస్తకము విప్పి చూడుడు. బ్యాటుగాని పేరున కెదురుగ వాడు చేసిన ప్రతి పరుగును వేరువేరుగ వ్రాయుదురు. బంతి వేయువానికి పరుగు రాని బంతికి కూడ ఒక చుక్క; ఓవరంతయు పరుగీయకపోయినచో ఆ చుక్కలను గీతలతో కలిపి 'ఎమ్' అను నక్షరమును చెక్కుదురు, ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహపు కన్ను తెఱచునప్పుడు కూడ అంత శ్రద్ధ చూపుదురో లేదో. ఇక బంతి నాపినవానికి? ఏ గడియు లేదు. క్యాచి పట్టినవాని పేరు ఒక మూల నుండునే గాని వికెట్టు బంతి వేసినవాని లెక్కలోనికే పోవును. మైదానపు కొస నుండి బంతి విసరి ఒకనిని బయటికి పంపినచో, మన యూళ్ల పుస్తకములలో 'రనౌటు' అని మాత్రము వ్రాసి ఊరకుందురు. విసరినవాడు ఎవడో పేరుండదు. గాయపడినవానికి మారుగ దిగి క్యాచి పట్టినవాడైతే వట్టి 'సబ్', వానికి తల్లిదండ్రులు పేరే పెట్టనట్లు. నాలుగు పరుగులు పోవలసినచోట ఒక్కటే యిచ్చి మూడు మిగిల్చినవాని కష్టము ఏ గడిలో నున్నది? చేతిలో పడిన క్యాచిని వదలినవాని పాపము ఏ గడిలో నున్నది? సున్నకు వెనుదిరిగిన బ్యాటుగాని సున్న శాశ్వతముగ నిలుచును. క్యాచి వదలి ఆట నోడించినవాడు సాయంత్రమునకు తక్కినవారితో కలిసి మిరపకాయ బజ్జీలు తినుచుండును.

మనవారికి అంకెలు గుర్తుండవని కాదు. 1991 ఉపయెన్నికలో నంద్యాల పి.వి. నరసింహారావుగారి కిచ్చిన ఆధిక్యము ఐదులక్షల ఎనుబదివేల పైమాట యని టీ అంగడిలో గ్లాసులు కడుగువాడును చెప్పును. సయ్యద్ ఆబిద్ అలీ టెస్టులలో ఎన్ని క్యాచులు పట్టినాడో చెప్పుమనుడు. ఆయన యెవరని అడుగుదురు.

ఆయన హైదరాబాదువాడు. 1956లో హైదరాబాదు పాఠశాలల జట్టుకు ఎన్నికచేయ వచ్చినవారి కంట ఆయన పడినది ఫీల్డింగు వలన. స్టేటు బ్యాంకు ఆఫ్ హైదరాబాదు క్రికెట్టు జట్టు నేర్పరచినప్పుడు అందులో ఆయనకు ఉద్యోగ మిచ్చినారు. తొలి సంవత్సరములలో హైదరాబాదు రంజీ జట్టులో ఆయన చేతికి బంతి వచ్చుటయే అరుదు. శతకము కొట్టుటకు 1967 వఱకు పట్టినది. ఆ పెద్దమనిషి లెక్క ప్రకారము అట్టివాడు ఏనాడో ఇల్లు చేరవలసినది. ఆ 1967 డిసెంబరులోనే అడిలెయిడులో తొలి టెస్టాడి 55 పరుగులకు ఆరు వికెట్టులు తీసినాడు. ఆ పర్యటనలోనే సిడ్నీలో 78, 81 పరుగులు చేసినాడు. 29 టెస్టులలో 32 క్యాచులు పట్టినాడు. వికెట్టుల నడుమ ఆయన పరుగు చూచినవారు దానిని మఱువలేరు. బంతి వెంట ఉరికిన కాళ్లే అవియును. 2001-02లో మన ఆంధ్ర జట్టుకు శిక్షకుడుగ వచ్చినాడు. 2025 మార్చిలో అమెరికాలో కన్నుమూసినాడు.

1971 ఆగస్టు 24న ఓవలులో ఇంగ్లండుమీద గెలుపు బౌండరీ కొట్టినవాడు ఆబిద్ అలీ యని చెప్పినచో, అప్పుడు మాత్రము "ఓహో, ఆయనా!" యందురు. చూచితిరా? మఱల బ్యాటే! ఆ ఓవలులో చంద్రశేఖరు 38 పరుగులకు ఆరు వికెట్టులు తీసి ఇంగ్లండును 101కి కూల్చినాడని మన పిల్లలకు చెప్పుదురు గాని, వెంకటరాఘవన్ బంతికి అలన్ నాట్ ఇచ్చిన క్యాచిని బ్యాటు క్రిందికి దూకి నేలబారున అందుకొన్న ఏకనాథ్ సోల్కరును ఎవరు చెప్పుదురు? 27 టెస్టులలో 53 క్యాచులు పట్టినవాడాయన. శిరస్త్రాణములు లేని కాలమున, బ్యాటుగాని ఊపిరి తగులునంత దగ్గర నిలిచి పట్టినాడు.

అమెరికావారి బేస్‌బాలు ఆటలో నైన న్యాయ మున్నది. అక్కడ ఫలకముమీద పరుగులు, హిట్లు, తప్పులు అని మూడంకెలు పక్కపక్కన వ్రాయుదురు. బంతి జారవిడిచినవాని తప్పు ఊరందరకును కనబడవలసినదే. ఎవడు పట్టి ఎవనికి విసరగా ఆటగాడు బయటికి పోయినాడో అంకెలతో గుర్తింతురు. మైదానపు నడికొసన నిలుచు ఫీల్డరు అంకె ఎనిమిది. 1957 నుండి ఫీల్డింగునకే గోల్డ్ గ్లవ్ అను బహుమానము వేరుగ పెట్టినారు. పిట్స్‌బర్గు జట్టులో కుడికొసన 1955 మొదలు 1972 వఱకు నిలిచిన రాబెర్టో క్లెమెంటే దానిని పండ్రెండుమార్లు గెలిచినాడు. ఆయన భుజబలము నెఱిగిన ప్రత్యర్థులు ఆయనవైపు బంతి పోయినప్పుడు ఇంకొక బేసుకు పరుగెత్త సాహసించెడివారు కారు. (ఆయన ఆ 1972 చివరిదినమున, నికరాగువా భూకంపబాధితులకు సామగ్రి కొనిపోవుచు విమానప్రమాదములో మరణించినాడు. ఆటతో సంబంధము లేని మాటయే, కాని చెప్పకుండ నుండలేను.) "ఆయన మూడువేల హిట్లు కూడ కొట్టినాడు గదా, అందువలననే గదా పేరు" అని ఎవడో తప్పక లేచును. కొట్టినాడు. కొట్టినవాడు పట్టరాదని శాసన మేమైన నున్నదా?

డబ్బు సంగతి యెత్తువారున్నారు. వేలములో ఫీల్డరుకు ధర పలుకదందురు. పలుకదు, కొనువారి బుద్ధికి నేను పూచీపడను. ఫీల్డింగుకు బహుమాన మిచ్చుట క్రికెట్టులో సాధ్యము కాదనువారు 1986లో షార్జాలో గస్ లోగీకి, మూడు క్యాచులు, రెండు రనౌటుల పుణ్యమున, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఇచ్చినారని తెలిసికొందురు గాక.

మఱి యేమి చేయుమందువని అడుగుదురు. స్కోరు పుస్తకములో మూడవ పుట యొకటి యుండవలెను. ఆపిన పరుగులు, వదలిన క్యాచులు, విసరినవాని పేరు అందులో నుండవలెను. ఎవరు తీర్పు చెప్పవలెను, కష్టమైన క్యాచి వదలినవానికి తప్పు వేయవలెనా వద్దా యను చిక్కులు ఆట తెలిసినవారు కూర్చుండి తేల్చుకొందురు. ఈ మాట ఆ పోటీల నిర్వాహకులతో ననగా, ఉన్న రెండు పుటలు వ్రాయుటకే మనిషి దొరకడనియు, అట్టి పుస్తకము అచ్చులో లేదనియు చెప్పినారు. మనిషిని నేను పంపెదను. అచ్చులో లేకపోయిన నంద్యాల అంగళ్లలో తెల్లకాగితము, స్కేలు దొరకును.