దవడ ఎముక – అనుమాన ప్రమాణం

తెలుగులో ‘అనుమానం’ అనే మాటకు నేడు దుర్గతి పట్టింది. తర్కశాస్త్రంలో అది ప్రమాణాలలో ఒకటి. కొండమీది పొగను చూచి నిప్పును గ్రహించడం దాని పని. వాడుకలో మాత్రం శంక అనే అర్థమే మిగిలింది. ఉర్దూలో ‘ఖియాస్’ కథా ఇంచుమించు ఇదే. ఫిఖహ్ పండితులకు అది నియమబద్ధమైన తర్కం. బజారులో వట్టి ఊహ. రెండు భాషలూ చదివే మన విద్యార్థులకు ఈ పదాల అసలు విలువ తెలుపడానికి శిలాజాలను మించిన పాఠం లేదని మా అభిప్రాయం.

పెరూ దేశంలో దొరికిన ‘ఇకాడిప్టిస్’ అనే పురాతన పెంగ్విన్‌ను 2007లో శాస్త్రజ్ఞులు లోకానికి పరిచయం చేశారు. ఈటెవంటి దాని పొడవాటి ముక్కును బట్టి దాని ఆహారాన్ని యోచించారు. ఇందుకు మనం అంత దూరం పోనక్కరలేదు. గోదావరికి ఎగువన, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మలేరి శిలలలో 20 కోట్ల ఏండ్లకు పైబడిన సరీసృపాల ఎముకలు లభించాయి. వాటిలో ‘హైపెరోడపెడాన్’ పై దవడలో అనేక వరుసల పళ్ళు, నడుమ ఒక గాడి. క్రింది దవడ అంచు ఆ గాడిలోనికి అడకత్తెరవలె దిగుతుంది. ఇంత స్పష్టమైన పనిముట్టు కంటి ఎదుట ఉన్నా, అది గుల్లలను నలిపేదని కొందరూ, గట్టి మొక్కలను కోసేదని మరికొందరూ వాదించారు.

అంతకంటె విశేషమైనది ‘పారాసూకస్’. మొసలిని పోలిన ఆకారం, సన్నని పొడవాటి మూతి. చూచినవారెవరైనా చేపలు తినే జంతువనే అంటారు. అయితే కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు చెందిన శంకర్ చటర్జీ 1978లో వర్ణించిన అస్థిపంజరాలలో, కడుపు ఉండవలసిన చోట మరొక సరీసృపపు ఎముకలు కనిపించాయి. దానికే ఆయన 1980లో ‘మలేరిసారస్’ అని పేరు పెట్టారు. దవడ చెప్పేది ఏమి తినగలదో. కడుపు చెప్పేది ఏమి తిన్నదో. ఈ భేదం మన పరీక్షా పత్రాలలో ఎక్కడ ఉన్నది? “మూతి పొడవు, కనుక చేపలు” అని గైడులోనిది వల్లించినవానికి పూర్తి మార్కులు పడుతున్నాయి. ‘కనుక’ అనే మాటకు ఆధారమేమని అడిగే విద్యార్థిని ఆలస్యానికి కారకుడిగా చూస్తున్నాము. సృష్టిని పరిశీలించమని మాటిమాటికీ హెచ్చరించే గ్రంథాన్ని పఠించే ఇండ్ల పిల్లలు ప్రశ్న అడగడానికి జంకడం మాకు వింతగానే తోస్తుంది.

కళాశాల కమిటీవారికి మా విన్నపం స్వల్పం. ఖరీదైన నమూనాలు అక్కరలేదు. చేపల బజారు నుండి ఒక కొర్రమీనునూ, ఒక శీలావతినీ తెప్పించి తరగతి బల్లమీద ఉంచితే చాలు. కొర్రమీను దవడలలో వాడి పళ్ళు తడుముతూనే తెలుస్తాయి. శీలావతి నోటిలో పళ్ళే లేవు. అవి గొంతులో ఉన్నాయి. నోరు మాత్రమే చూచి ఏది ఏమి తింటుందో విద్యార్థులు ముందుగా కాగితంమీద వ్రాయాలి. ఆ తరువాతనే గొంతూ, కడుపూ కోసి చూడాలి.