పర్యావరణ నిర్వహణ పట్టాకు మూడు ఋతువుల చదువు

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురం వాసులు నిద్రలో ఉండగానే, ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరిన్ ఆవిరి ఊరిని కమ్ముకొని 12 మందిని బలిగొన్నది. ఈ ఘోరంపై రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం వెల్లడించిన అంశాలలో ఒకటి ప్రత్యేకంగా గమనింపదగినది. ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగు భాగంలోనే ఉన్నది. పై భాగంలో లేదు. కింది అంకె కుదురుగా కనిపిస్తుండగా పైన రసాయనం వేడెక్కుతూ పోయింది. అంకె అబద్ధం చెప్పలేదు. అది ఎక్కడి అంకె అని అడిగే మనిషి లేకపోయాడు.

అటువంటి మనిషిని తయారుచేయడమే పర్యావరణ నిర్వహణలో స్నాతకోత్తర పట్టా ఉద్దేశం కావాలి. మన దేశంలో ఇందుకు చట్టాల కొరత లేదు. జల కాలుష్య నివారణ చట్టం 1974లో, వాయు కాలుష్య చట్టం 1981లో, భోపాల్ దుర్ఘటన అనంతరం పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చాయి. చదువుల కొరత కూడా ఉన్నదనలేము. పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991 నవంబరులోనే ఆదేశించింది. పర్యావరణ శాస్త్రంలో ఎం.ఎస్‌సి. బోధించే విశ్వవిద్యాలయాలు అనేకం. కొరత ఉన్నదల్లా శాస్త్రానికి, నిర్ణయానికి మధ్య నిలబడగల నిపుణులకే.

శాస్త్రవేత్త వాగునీటిలో ప్రాణవాయువు ఎంత తగ్గిందో చెబుతాడు. ఇంజనీరు శుద్ధి యంత్రాన్ని నిర్మిస్తాడు. ఆ యంత్రం రాత్రివేళ నడుస్తున్నదా, నడపకపోతే యాజమాన్యానికి మిగిలేదెంత, వాగు పక్క రైతుకు పోయేదెంత, దీనిపై ఏ చట్టం కింద ఎవరు చర్య తీసుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవాడు నిర్వాహకుడు. ఈ పనికి కొంత రసాయన శాస్త్రం, కొంత న్యాయశాస్త్రం, కొంత వాణిజ్య శాస్త్రం తెచ్చి అతికిస్తే పాఠ్యప్రణాళిక అతుకుల బొంత అవుతుందే తప్ప చదువు కాదు. పాఠ్యాంశాలను కలిపి కుట్టగల దారం ఒక్కటే: ఒక నిర్దిష్ట స్థలం.

పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు ఎలా తయారవుతున్నాయో చూస్తే ఈ మాట బోధపడుతుంది. 1994లో తొలిసారి, 2006లో సమగ్రంగా జారీ అయిన నోటిఫికేషన్ల ప్రకారం భారీ ప్రాజెక్టులకు ముందుగా ఈ అంచనా అవసరం. అయితే నివేదిక రాసే సలహాదారును నియమించేదీ, రుసుము చెల్లించేదీ ప్రాజెక్టు పెట్టదలచినవారే. పైగా అనేక ప్రాజెక్టులకు వానాకాలం మినహా ఏదో ఒక్క ఋతువులో సేకరించిన సమాచారం సరిపోతుందంటారు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని నివేదికలో చాలా భాగం రష్యాలోని ఒక గని నివేదిక నుంచి ఎత్తిరాసినదని గతంలో బయటపడింది. కొంకణపు వానలకూ రష్యా మంచుకూ తేడా తెలియని నివేదికకు విలువ ఏపాటిది?

వానాకాలాన్ని వదిలివేయడం చిన్న లోపం కాదు. కర్మాగారం ఆవరణలో పోగుపడిన వ్యర్థాల నుంచి విషం కారేది వానలలోనే. వరదనీటి మాటున మురుగును వదలడానికి అనువైన కాలమూ అదే. భూగర్భ జలం ఏ మేరకు చెడిందో తేలేది వేసవిలో, బావులు అడుగంటినప్పుడు. కనుక రెండేళ్ళ పట్టాలో కనీసం ఒక పూర్తి సంవత్సరం ప్రతి విద్యార్థీ ఒకే స్థలాన్ని మూడు ఋతువులలోనూ పరిశీలించాలి. హైదరాబాదు విద్యార్థులకు పటాన్‌చెరు, అక్కడినుంచి మంజీరలో కలిసే నక్కవాగు ఉన్నాయి. గుజరాత్‌కు వాపి, ఉత్తరప్రదేశ్‌కు కాన్పూరు తోళ్ళ పరిశ్రమలు, మధ్యప్రదేశ్‌కు సింగ్రౌలి బొగ్గు ప్రాంతం ఉన్నాయి. ప్రయోగశాల కోసం వెతుక్కోవలసిన దుస్థితి ఏ విశ్వవిద్యాలయానికీ లేదు.

రెండవ అంశం న్యాయం. హైదరాబాదుకు తాగునీరందించే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల చేరువలోని పెద్దషాపూర్‌లో నూనె ఉత్పత్తుల కర్మాగారానికి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించగా, ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రమాదం ఉందని ఒక నిపుణుల పక్షం, లేదని మరొక పక్షం. శాస్త్ర వివాదాలను తేల్చడంలో న్యాయస్థానాలకు గల పరిమితిని 1999 జనవరి నాటి తీర్పులో సుప్రీంకోర్టు దాపరికం లేకుండా అంగీకరించింది. నిపుణులు కూడా సభ్యులుగా ఉండే పర్యావరణ న్యాయస్థానాలు అవసరమన్నది. ఆ తీర్పు వెలువరించిన జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతనే లా కమిషన్ 2003లో 186వ నివేదిక సమర్పించింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. నీటి వనరులకు ముప్పు లేదని నిరూపించవలసిన భారం ఎవరిదన్నది ఇటువంటి వ్యాజ్యాలలో కీలకం. అది పరిశ్రమ స్థాపించదలచిన వారిదేనని విద్యార్థి చట్టం సెక్షన్లు వల్లెవేసి కాదు, అసలు వ్యాజ్య పత్రాలు చదివి గ్రహించాలి.

మూడవది ఆర్థికం. తమిళనాడు తోళ్ళ పరిశ్రమల వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు కాలుష్యకారకులే నష్టం భరించాలన్న సూత్రాన్ని దేశ న్యాయంలో భాగంగా ప్రకటించింది. అయితే శుద్ధి యంత్రానికయ్యే విద్యుత్తు ఖర్చుకంటే పట్టుబడితే చెల్లించే మొత్తం తక్కువైతే, సూత్రం కాగితం మీదనే మిగిలిపోతుంది. ఈ లెక్క వేయడం రాని పట్టభద్రుడు మండలిలో చేరినా, కర్మాగారంలో చేరినా ఉత్తరాలు బట్వాడా చేసే గుమాస్తాగా మిగులుతాడు.

నాలుగవది, బహుశా అన్నిటికంటె నిర్లక్ష్యానికి గురైనది, భాష. ప్రభావ అంచనా నోటిఫికేషన్‌కు కొత్త ముసాయిదా వెలువడినప్పుడు దానిని రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలోకి అనువదించాలని 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ప్రాజెక్టు నివేదికల సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన ఉన్నా, అసలు నివేదిక ఇంగ్లీషులోనే ఉంటుంది. వార్తా సంస్థల ప్రతిని తెలుగు చేసేవారికి ఈ ఇబ్బంది నిత్యానుభవం. ‘మిటిగేషన్’ అన్న మాటను ‘నివారణ’ అని రాయడమా, ‘తీవ్రత తగ్గింపు’ అని రాయడమా? మొదటిది ముప్పు రాదంటుంది. రెండవది ముప్పు వస్తుంది గాని కొంత తగ్గుతుందంటుంది. బహిరంగ విచారణకు వచ్చిన రైతుకు ఈ రెండు మాటల మధ్య తన బావి ఉన్నది. అందుచేత పట్టా ఇచ్చేముందు విద్యార్థి తన పరిశోధన ఫలితాలను స్థానిక భాషలో రాసి, తాను పరిశీలించిన గ్రామసభ ముందు చదివి, అక్కడి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆచార్యుల మౌఖిక పరీక్షకంటె అది కఠినమైన పరీక్ష.

ఇదంతా ఖర్చుతో కూడిన పని అనీ, ఇంత శ్రమపడి చదివినవారికి ఉద్యోగాలు ఎక్కడివనీ ఆక్షేపణ రావచ్చు. రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ళలో సాంకేతిక ఉద్యోగాలు పెద్ద సంఖ్యలో ఖాళీగా ఉన్న విషయం న్యాయస్థానాల ముందుకు పదేపదే వచ్చినదే. ఆ నియామకాలలో ఇటువంటి పట్టాకు ప్రాధాన్యమిస్తే విద్యార్థులకు భరోసా కలుగుతుంది. ఇక ఖర్చు మాట. పరిశీలనకు గురయ్యే పరిశ్రమ నుంచే విశ్వవిద్యాలయం నిధులు స్వీకరించడం మాత్రం తగదు. సలహాదారుల వ్యవస్థను భ్రష్టు పట్టించిన రోగాన్నే చదువులోకి తెచ్చుకొన్నట్టవుతుంది. ఈ బాధ్యత ప్రభుత్వమే వహించాలి.

అనుమతి పొందిన ప్రాజెక్టులు ఏటా జూన్, డిసెంబరు నెలలలో షరతుల అమలుపై నివేదికలు పంపాలని నిబంధన. దేశం నలుమూలలా అటువంటి పత్రాలు కట్టలుకట్టలుగా పోగుపడుతున్నాయి. వాటిని చదివి, ఈ అంకె ట్యాంకు అడుగుదా, పైదా అని అడిగి, తన సంతకానికి తాను జవాబుదారీ వహించే పట్టభద్రులు కొన్ని వందలమంది ఉన్నా వెంకటాపురం వంటి ఊళ్ళు నిశ్చింతగా నిద్రపోగలవు. కొత్త పట్టాను రూపొందించేవారు దాని జయాపజయాలను ఆ నిద్రతోనే కొలవాలి.